ఆరో తీగ

కరెంటు పోతే మా ఇంట్లో ఒక అలవాటు ఉండేది. చీకటి కమ్మగానే నేను "ఎవరెవరున్నారు?" అని అడిగేవాడిని. పెద్దవాడు సత్యం "ఒకటి" అనేవాడు. చిన్నది నాగమణి "రెండు" అనేది. అప్పుడు నాకు ఊపిరి ఆడేది.

నేను పోర్టులో టాలీ క్లర్కుని. ఓడలోంచి దిగే ప్రతి పెట్టెకీ కాగితం మీద ఒక గీత గీయడం నా పని. లెక్క ఒకటి తగ్గినా, ఒకటి పెరిగినా, తేలేదాకా అక్కడే నిలబడాలి. ఆ బుద్ధి ఇంటికీ వచ్చేసింది. పైగా మాది తణుకు దగ్గర పల్లె. విశాఖపట్నంలో మాకు నా అన్నవాళ్ళు లేరు. పిల్లలకి ఏదైనా అయితే పరుగెత్తుకొచ్చే మేనమామ లేడు, పెదనాన్న లేడు. అందుకే వాళ్ళని లెక్క పెట్టుకుంటూ పెంచాను.

ఎనభై ఒకటిలో సత్యం పదో తరగతి ఫస్టు క్లాసులో ప్యాసయ్యాడు. ఎలక్ట్రిక్ గిటారు కొనిపెడతానని అంతకుముందే మాటిచ్చి ఉన్నాను.

"చెవి కోసేది వద్దు నాన్నగారూ," అన్నాడు. "మెత్తగా ఉండాలి. ఎవరో నోరు మూసుకుని కూనిరాగం తీసినట్టుండాలి."

జగదాంబ దగ్గర దుకాణంలో కొత్తది చూశాం. దాని ఖరీదు నా రెండు నెలల జీతం. వాయిస్తే రేకు మీద మేకుతో గీసినట్టుంది. రెండోది ఒక ఓడ కళాసీ అమ్ముతున్న జపాను గిటారు. సత్యం కళ్ళు మెరిశాయి. నేను బిల్లు అడిగాను. కళాసీ నవ్వాడు. పోర్టు ఉద్యోగిని, బిల్లు లేకుండా ఓడ దిగిన వస్తువు నా గుమ్మం దాటనివ్వలేను. ఇంటికొచ్చేదాకా సత్యం నాకు పది అడుగుల ముందే నడిచాడు.

మూడోదాని సంగతి చెప్పింది రేడియో మెకానిక్కు జగ్గారావు.

"ఏటి బాబూ, కుర్రోడు మొకం ఏలాడేసినాడు?" అన్నాడు. "కోటవీధిలో మంగాయమ్మని ఉంది. ఆవిడ కొడుకు గిటారు ఉంది. పాత సరుకే గాని, సౌండు ఎన్నపూసనుకో. మీ ఇంట్లో వాల్వు రేడియో ఉంది కదా, దాని ఎనకాల గ్రామఫోనుకని రెండు కన్నాలుంటాయి. వైరు అందులో దూర్సీయ్. సౌండుకి ఏరే డబ్బా కొనక్కర్లేదు."

మంగాయమ్మది పెంకుటిల్లు. కప్పు సగం ఊడిపోయి ఉంది. గోడ మీద పదిహేడేళ్ళ కుర్రాడి ఫొటో. పైడయ్య. పెళ్ళిళ్ళకి పాటల పార్టీతో వెళ్ళి వాయించేవాడట. వానలో స్టేజీ మీద కరెంటు కొట్టింది. వీధి మొత్తం చీకటైపోయింది.

"లైట్లు మల్లా వచ్చేసరికి ఆడు లేడు బాబూ," అంది మంగాయమ్మ.

గిటారు బొజ్జ బోలుగా, పెద్దదిగా ఉంది. సత్యం ఒక్కసారి మీటాడు. వైరు లేకుండానే ఆ చిన్న గదిలో ఎవరో నిట్టూర్చినట్టయింది. వాడు నా వైపు చూశాడు. ధర కూడా నాకు అందేదే. డబ్బిచ్చి తెచ్చేసుకున్నాం.

ఇంటికొచ్చాక చూస్తే ఆరింటికి ఐదు తీగలే ఉన్నాయి. అన్నిటికంటే లావు తీగ లేదు.

"కొత్త తీగ వేస్తే కలవదు నాన్నగారూ," అన్నాడు సత్యం. "ఇవి నున్నగా చుట్టిన తీగలు. ఆ సౌండంతా వీటిదే. ఊళ్ళో దొరకవు."

మర్నాడు ఒక్కణ్ణే వెళ్ళాను. తీగ మంగాయమ్మ కుడిచేతికి గాజులా చుట్టి ఉంది.

"ఇదొక్కటీ నా కాడ ఉంచీసినాను బాబూ. కరెంటు పోయినప్పుడు ఆడు వత్తాడు. ఈ తీగ ఉన్న ఇంటికే వత్తాడు. కూకుంటాడు. మాటాడ్డు. ఉన్నాడని తెలుస్తాది, అంతే. నాకదే సాలు."

పిచ్చితల్లి అనుకున్నాను. కానీ ఊరుకోలేదు. అదే నా తప్పు. కొన్న వస్తువు పూర్తిగా ముట్టలేదన్న ఆలోచన నన్ను నిలవనీయదు.

"అమ్మా, ఇస్తే మొత్తం ఇవ్వాలి. లేదంటే నా డబ్బు నాకు ఇచ్చేయండి."

ఆమె పైకి చూసింది. కప్పు మీద కొత్త పెంకులు వేస్తున్నారు. డబ్బు అప్పుడే ఖర్చయిపోయింది.

చాలాసేపు చేతికున్న తీగ విప్పింది. చర్మం మీద దాని గాట్లు పడి ఉన్నాయి.

"లెక్క సరిపోవాల నీకు? సరే. తీసికెల్లు." గుమ్మం దాకా వచ్చి అడిగింది. "నీకు ఎంతమంది పిల్లలు బాబూ?"

"ఇద్దరు."

ఆమె తలుపు వేసేసుకుంది.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. హార్బరు వైపు నుంచి తడిసిన ఇనపరాతి ధూళి వాసన వస్తోంది. వంటింట్లో నా భార్య కనకరత్నం పోపు పెడుతోంది. సత్యం ఆరో తీగ బిగించి, వైరు రేడియో వెనక గుచ్చాడు. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి.

అలాంటి ధ్వని నేను వినలేదు. ఎక్కడా అంచు లేదు. లావు తీగ మోగినప్పుడు నా రొమ్ము లోపల ఎవరో చెయ్యి పెట్టి నిమిరినట్టుంది. నాగమణి చేతిలో పుస్తకం కింద పెట్టేసింది.

కరెంటు పోయింది.

రేడియో దీపం ఆరింది. పాట ఆగింది. చూరు నీళ్ళ చప్పుడు మాత్రం మిగిలింది.

"ఎవరెవరున్నారు?"

"ఒకటి."

"రెండు."

నేను అగ్గిపెట్టె కోసం తడుముతున్నాను.

"మూడు."

గొంతు రేడియో దగ్గర నుంచి వచ్చింది. కుర్రాడి గొంతు. నోట్లో నీళ్ళున్నట్టు తడిగా ఉంది.

"నాన్నగారూ..." నాగమణి గుసగుసలాడింది. "ఆ మూడు ఎవరు?"

అగ్గిపెట్టె చేతికి తగిలింది. కాలిన వైరు వాసన. ఆ వాసనలోంచి... లావు తీగ మోగింది. కరెంటు లేని రేడియోలోంచి. మెత్తగా... చాలాసేపు...

"సత్యం, వాయించకు."

"నేను గిటారు కింద పెట్టేశాను నాన్నగారూ."

అగ్గిపుల్ల గీశాను. ఇద్దరే ఉన్నారు.

తెల్లారగానే ఆ తీగ ఊడదీసి కోటవీధికి పరుగెత్తాను. తలుపుకి తాళం. ఎలమంచిలిలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయిందని పక్కింటావిడ చెప్పింది.

"మల్లా వత్తాదా?" అని నేనే ఆ యాసలో అడిగాను, ఎందుకో.

"ఇంకెందుకొత్తాది బాబూ? ఇక్కడ ఆవిడకి ఎవులున్నారని?"

తీగని తలుపు గొళ్ళేనికి మూడు చుట్లు చుట్టాను. ముడి వేశాను. ముడి సరిగా పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. అక్కడి నుంచే డ్యూటీకి పోయాను.

సాయంత్రం మా సందు మొదట్లోకి వచ్చేసరికే వినపడింది. ఆ లావు తీగ.

లోపల సత్యం తల వంచుకుని వాయిస్తున్నాడు. ఆరు తీగలున్నాయి.

"ఎక్కడిదిరా అది?"

వాడు తల ఎత్తలేదు. "ఎప్పుడూ ఉన్నదే కదా."

నేను రేడియో ప్లగ్గు వైపు అడుగు వేశాను. రెండు అడుగులు కూడా పడలేదు... కరెంటు పోయింది.

అడగకూడదనుకున్నాను. నోరు గట్టిగా మూసుకున్నాను. చీకట్లో చిన్నది నా చొక్కా పట్టుకుని లాగింది.

"లెక్క పెట్టండి నాన్నగారూ. భయమేస్తోంది."

పెట్టకుండా ఎలా ఉంటాను?

"ఎవరెవరున్నారు?"

"ఒకటి."

సత్యం కూర్చున్న చోటు నుంచే. తడి గొంతు.

"రెండు," అంది నాగమణి, నా పక్క నుంచి.

తర్వాత ఏమీ లేదు. వాన... పోపు వాసన... అప్పుడు, రేడియో లోపల ఎక్కడో అడుగున, నా కొడుకు గొంతు అంది.

"మూడు."

కరెంటు వచ్చింది. ఇద్దరు పిల్లలు. సత్యం నన్నే చూస్తున్నాడు. వేళ్ళు మాత్రం తీగల మీద ఆగకుండా ఆడుతున్నాయి.

ఇది జరిగి ఎనిమిదేళ్ళయింది. సత్యానికి ఇరవై నాలుగు. ఊళ్ళో ఏ ప్రోగ్రాం అయినా వాడే ఉండాలంటారు. తల్లికి వంట్లో బాగా లేకపోతే మంచం పక్కనే కూర్చుంటాడు. వాడి మీద వంక పెట్టడానికి నాకు ఒక్క మాట దొరకదు. కనకరత్నానికి నేను ఏదీ చెప్పలేదు. ఏమని చెప్పను?

పోయిన నెల జగ్గారావు ఆ రేడియో విప్పి చూశాడు. వాల్వులు ఎప్పుడో పగిలిపోయాయి. వైర్లన్నీ ఎలకలు కొరికేశాయి.

"ఇది ఉట్టి పెట్టె బాబూ. పారేసీయ్," అన్నాడు.

పారేయలేదు. నా మంచం పక్కనే పెట్టుకున్నాను.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. సత్యం ఇంట్లో లేడు, ప్రోగ్రాంకి వెళ్ళాడు. నేను పెట్టె వెనక రేకుకి చెవి ఆనించి, ఎవరికీ వినపడకుండా అడిగాను.

చాలాసేపటికి జవాబు వచ్చింది.

"మూడు."

గొంతు ఇంకా పదహారేళ్ళ కుర్రాడిదే.