నాణెం మీద రెండో చేయి

చంద్రుడి మీది నిక్షేపాలయంలో మనుషుల కంటే లోహాలకే ఆదరణ ఎక్కువ. భూమ్మీద డబ్బును చేత్తో ముట్టుకున్న ఆఖరి తరం కనుమరుగయ్యాక, దేశదేశాల నాణేలన్నీ తుప్పు భయం లేని ఈ చోటికి చేరాయి. వాటికి కావలి డాక్టర్ చిత్కళ. తొడుగు లేని చేత్తో నాణేన్ని తాకిన సహాయకుణ్ణి ఆవిడ తరువాతి నౌకలోనే ఇంటికి పంపేసేది. చివరికి సహాయకులు రావడమే మానేశారు.

ఆ పూట డైరెక్టరు ఇంద్రనీల్ స్పర్శగ్రాహి అనే యంత్రాన్ని తోసుకుంటూ వచ్చాడు. మనిషి చెమటలోని లవణాల పాళ్లు ఎవరివి వారివే. వేలు తాకిన ప్రతిసారీ అవి వెండి స్ఫటికాల సందుల్లోకి దిగి నిలిచిపోతాయి. ఈ యంత్రం న్యూట్రాన్ పుంజంతో ఆ పొరలను చదివి, నాణేన్ని ఎందరు పట్టుకున్నారో, ఎలా పట్టుకున్నారో చెబుతుంది.

"నాణేలకూ జనాభా లెక్కలన్నమాట," అన్నది చిత్కళ.

"వెక్కిరించకండి మేడమ్. ఇక్కడ చోటు చాలడం లేదు. కనీసం ఇద్దరు మనుషుల చేతుల్లో పడితేనే అది నాణెం, లేకపోతే వట్టి లోహం. నిబంధన నేనే రాశాను. వట్టి లోహాన్ని కరిగిస్తాం. దాని మీదున్న పాలకుడి పేరు సూచికలోంచి తీసేస్తాం."

"చచ్చినవాణ్ణి మళ్లీ చంపడానికి ఎంత శుభ్రమైన పద్ధతి."

ఆవిడ బెంగ ఒక్క నాణెం గురించే. అది పుబ్లియానస్‌ది. అతన్ని డాన్యూబ్ నది ఒడ్డున రోమన్ సైనికులు ఒక వసంతంలో డాలు మీదికెత్తి చక్రవర్తిని చేశారు. ఆ ఏడు ద్రాక్షలు పండేలోపే పొడిచి చంపారు. తరువాత గద్దెనెక్కినవాడు అతని నాణేలన్నీ కరిగించాడు. ఒక శత్రువు రాసిన రెండు వాక్యాలు కాక మిగిలింది తొడుగుల చేతులే తవ్వి తీసిన ఈ వెండి ముక్క ఒక్కటే. దాని మీద పలచటి గడ్డం, కిరీటం బరువుకు వంగినట్టున్న మెడ.

యంత్రం నాణేన్ని చదివి చెప్పింది.

"మొదటి చేయి పురుషుడిది. చెమటతోపాటు బ్రోమిన్ ఉంది. అది సముద్రపు నత్తల నుంచి తీసే ఊదారంగులోది, చక్రవర్తి వస్త్రానిది. బొటనవేలు ప్రతిసారీ ముఖం మీదే ఆనింది, చాలాసేపు."

చిత్కళకు అర్థమైంది. సైనికులకు పంచడానికి కొట్టించిన నాణేల్లో మచ్చు ఒకటి అతని చేతిలోనే ఉండిపోయింది. చక్రవర్తి నిజంగా తానేనా అని అతను తన ముఖాన్నే తడిమి చూసుకున్నాడు. అందుకోవడానికి ఎదుట మరో చేయి లేదు.

"ఒక్కడే," అంటూ ఇంద్రనీల్ నాణెం ఉన్న పళ్లెం అందుకోబోయాడు. "పాపం."

"నివేదిక పూర్తి కాలేదు," అన్నది యంత్రం. "రెండో చేయి ఉంది. స్త్రీది, వయసు మళ్లినది. తొడుగు లేదు. ఏళ్ల తరబడి తాకింది. బొటనవేలు మొదటివాడి గుర్తు మీదే. ఆ లవణాల మనిషి ఇప్పుడు ఈ గదిలోనే ఉంది."

గదిలో ఉన్న స్త్రీ ఒక్కతే.

"మీరా మేడమ్? ముట్టుకున్నారని అంతమందిని ఇంటికి పంపింది మీరే కదా."

"నేనే." చిత్కళ గొంతు మారలేదు.

"ఏమైనా ఇది చెల్లదు. ఆ కాలపు చేయి కాదు."

"మీ నిబంధన మీరే చదువుకోండి. ఇద్దరు మనుషులన్నారు. ఏ కాలంవాళ్లో రాయలేదు."

ఇంద్రనీల్ తెర మీద నిబంధన తెరిచి చదివాడు. మళ్లీ చదివాడు. "సరే, పేరు ఉంటుంది. కానీ మీ సంగతి..."

"నా నియమం నాకు గుర్తుంది. తరువాతి నౌక ఎప్పుడు?"

"రెండు చేతుల ఒత్తిడీ ఒక్కటే," అన్నది యంత్రం, ఎవరూ అడగకుండానే. "కారణం తెలియదు."

"నాకు తెలుసు," అని ఆవిడ గది తాళంచెవి పళ్లెంలో పెట్టింది.

పుబ్లియానస్ సూచికలో నిలిచాడు. అతని నాణేన్ని ఆర్గాన్ వాయువు నింపిన గాజుపెట్టెలో పెట్టి మూత అతికించేశారు. ఇక దాన్ని ఎవరూ తాకలేరు.

భూమికి దిగే నౌకలో చిత్కళ పక్క సీటు ఖాళీ. ఆవిడ ఒళ్లో ఉన్న చేతికి తొడుగు లేదు. బొటనవేలు చూపుడువేలి మీద నెమ్మదిగా, గుండ్రంగా, ఒక ముఖాన్ని వెతుక్కుంటూ కదులుతూనే ఉంది.