రైలు గొంతుకు పలికిన అవ్వ

ఉప్పల్‌లో బస్సు దిగేసరికి సన్నగా వాన పడుతోంది. ఇంకా కాస్త వెలుతురు ఉంది. మెట్రో మెట్ల కింద బజ్జీల బండి పక్కన నిలబడి, వెంకన్న బాపుకూ మార్తమ్మ అవ్వకూ జాగ్రత్తలు మొదలుపెట్టాను.

మాది కాటారం. అక్కడ నాకు సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. మా వైపు వాళ్లను హైదరాబాద్ తీసుకొచ్చి, అన్నీ చూపించి, క్షేమంగా ఇంటికి చేర్చే పని మొదలుపెట్టాలని నా ఆలోచన. మెట్రో రైలు ఎంతసేపటికొకటి వస్తుందో, ఏ పెట్టె ఎక్కితే మెట్ల ముందు దిగుతామో అన్నీ ముందే లెక్కగట్టాను. మొదటి ప్రయాణికులు మా పక్కింటి ఈ మొగుడూ పెళ్లాలే. బస్సెక్కేటప్పుడు వాళ్ల బిడ్డ అఖిలక్క నా చెయ్యి పట్టుకుంది. “మా అవ్వ జర ఆగమాగం మనిషి. ఒక్కదాన్ని ఇడిశిపెట్టకు ఆమెర్ తమ్మీ,” అంది. నేను మాటిచ్చాను.

“పసుపు గీత దాటొద్దు. తలుపులు మూసుకునేటప్పుడు ఉరకొద్దు,” అని చెప్పాను. “తప్పిపోతే, దిగిన కాడనే కూసోండ్రి. నేనొస్త. ఏం తెల్వకపోతే పైనుంచి ఒక గొంతు జెప్తది. అదెట్ల జెప్తే అట్ల చెయ్యిండ్రి.”

“ఎవలిదా గొంతు?” అంది అవ్వ.

“ఎవలిదీ కాదవ్వా. మిషన్‌ది.”

“మిషన్‌కు గొంతెట్ల వస్తదిరా? ఎవలో ఒగలు ఇచ్చే ఉంటరు.”

రైల్లో తడిసిన గొడుగుల వాసన, ఎవరి టిఫిన్ డబ్బాలోంచో పులిహోర వాసన. ముగ్గురికీ సీట్లు దొరికాయి. కింద రోడ్డు మీద బండ్ల లైట్లు వానలో చెరిగిపోయి కనిపిస్తున్నాయి.

“తదుపరి స్టేషన్...” అని మొదలైంది పైనుంచి ఆడగొంతు. “తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి.”

“తదుపరంటే ఏందిరా?”

“అచ్చేది, అవ్వా.”

“అచ్చేదంటే నోరు నొస్తదా దీనికి?”

ఎదుటి సీట్లో ఇద్దరమ్మాయిలు నవ్వు ఆపుకున్నారు. వెంకన్న బాపు సీట్లో ముడుచుకున్నాడు. “ఊకోవే. పట్నపోళ్లు నవ్వుతున్నరు.”

“నవ్వనీ. సినిమాలల్ల నవ్వలేదా మన మాటలకు? సిగ్గైతే నువ్వు మొఖం అటు తిప్పుకో, అఖిల నాయినా.”

బిడ్డ పుట్టినప్పటి నుంచీ అవ్వ ఆయన్ను అట్లాగే పిలుస్తుంది. అంతకు ముందు ‘ఓ మనిషీ’ అనేదట. పేరు పెట్టి పిలవగా మా వాడలో ఎవరూ వినలేదు.

మళ్లీ గొంతు వినిపించింది. అవ్వ ఈసారి తల పైకెత్తి, నేరుగా దానితోనే మాట్లాడింది.

“ఓ బిడ్డా, గప్పటి నుంచి ఒర్రుతున్నవ్, గొంతెండలేదా? జర మా లెక్క మాట్లాడరాదు? గట్ల గాదంటే నా మాటలు నువ్వు తీస్కో. నీ మాటలు నాకియ్యి.”

పెట్టెంతా నవ్వింది. నేనూ నవ్వాను.

“దయచేసి...” అంటూ గొంతు మధ్యలో ఆగిపోయింది.

రైలు కూడా ఆగింది. రెండు స్టేషన్ల నడుమ, గాలిలో. లైట్లు ఆరిపోయాయి. పైకప్పు మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. పులిహోర వాసన పోయింది. ఏళ్ల తరబడి మూసి ఉంచిన గది తలుపు తీసినట్టు ముక్కిన వాసన వచ్చింది. అది పైనుంచి, ఆ స్పీకర్ రంధ్రాల్లోంచి వస్తోంది.

తర్వాత అక్కడి నుంచే... ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

“అవ్వా...” అంది గొంతు, చాలా మెల్లగా. “జర పైలం.”

జాగ్రత్త అని చెబుతోంది, అచ్చం మా ఊరి మాటలో. ఎదుటి అమ్మాయిలు చీకట్లో ఫోన్లు చూసుకుంటున్నారు. వాళ్లకు ఏమీ వినిపించినట్టు లేదు.

లైట్లు వచ్చాయి. రైలు కదిలింది. స్టేషన్ వచ్చింది. దాని పేరు చెప్పను, రోజూ అక్కడ దిగేవాళ్లున్నారు.

“గీడ దిగు, అవ్వా,” అంది పైనుంచి గొంతు.

పెళ్లికి పిలిస్తే లేచినట్టు లేచింది అవ్వ. నేను కొంగు పట్టుకున్నాను. తడి కొంగు... జారిపోయింది. తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల అవ్వ మమ్మల్ని చూడటం లేదు. పైకి చూస్తోంది.

గొంతు ఎట్ల జెప్తే అట్ల చెయ్యమన్నది నేనే.

తర్వాతి స్టేషన్లో దిగి, ఎదురు రైలెక్కి వెనక్కి వచ్చాం. వెంకన్న బాపు దారంతా తలుపు దగ్గరే నిలబడ్డాడు. అవ్వ అక్కడే ఉంది. బెంచీ చివర, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉంది.

“అవ్వా! పరేషాన్ చేసినవ్ గదనే!”

ఆమె నా వైపు తిరిగింది. “వచ్చారా? మీ కోసమే వేచి ఉన్నాను. మీరు క్షేమమేనా, వెంకన్న గారూ?”

బాపు సగం నవ్వి ఆగాడు. “ఏందే గిది? మల్ల అను.”

“క్షమించండి. మీరు అన్నది నాకు అర్థం కాలేదు.”

ఆయన నన్ను స్తంభం పక్కకు లాగాడు. “ఆమెరూ,” అన్నాడు చెవిలో, “గిది నా పెండ్లాం గాదు.”

“భయపడ్డది. బుగులుకు గట్ల మాట్లాడుతున్నది, బాపూ.”

“నా పేరు వెట్టి పిలిచిందిరా.”

ముందు ఇద్దర్నీ ఊరికి చేర్చాలి, అంతే. ఉప్పల్ వైపు రైలెక్కించాను. ఆమె మా ఇద్దరి మధ్యలో కూర్చుంది. బాపు ఆమెకు తగలకుండా ఒదిగి కూర్చున్నాడు.

రైలు కదిలింది. పైన స్పీకర్ గరగరలాడింది.

“అఖిల నాయినా...”

అది అవ్వ గొంతు. జలుబు చేసినట్టు బొంగురుగా ఉంది.

“ఏడున్నవయ్యా? గీడంత చీకటున్నది. ఎవలెవలో ఉన్నరు... నన్ను ఇంటికి తోల్కపో.”

ఒక్కరు కూడా తలెత్తలేదు. బాపు లేచి నిలబడ్డాడు. “ఈడనే ఉన్ననే! నీ కాడికే వస్తున్న!”

నేనూ ఆగలేకపోయాను. తల పైకెత్తి అరిచాను. “అవ్వా! ఏడున్నవో జెప్పు! నేనొస్త!”

మా మధ్యలో కూర్చున్న ఆమె మర్యాదగా చిరునవ్వు నవ్వింది.

ఉప్పల్‌లో దిగాం. నేను, ఆమె. వెంకన్న బాపు తలుపు లోపలే ఉండిపోయాడు.

“దిగు బాపూ. నీ కాళ్లు మొక్కుత.”

“దాన్ని గా చీకట్ల ఇడిశిపెట్టి నేనేడికి రావాలెరా?”

చెయ్యి పట్టి లాగాను. విడిపించుకున్నాడు. తలుపులు మూసుకున్నాయి. ఫోన్ చేస్తే కలవలేదు.

తర్వాతి రైలు వచ్చింది. తలుపులు తెరుచుకోగానే లోపలి స్పీకర్లోంచి రెండు గొంతులు వినిపించాయి, గుసగుసగా.

“పసుపు గీత కాడ జర పైలం...”

“నేను జెప్తనంటి గద. నువ్వూకో.”

“నీకు సక్కగ చెప్పరాదయ్యా.”

జనం దిగారు. వెళ్లిపోయారు. ఆమె నా పక్కనే నిలబడి, తల కొంచెం వంచి వింటోంది.

ఫోన్ మోగింది. మా అమ్మీ. ఇంట్లో మేం దక్కనీ ఉర్దూ తప్ప వేరే మాట్లాడం. ఆ గొంతు వినగానే ఏడుపొచ్చింది. జరిగిందంతా చెప్పేద్దామని నోరు తెరిచాను.

“అమ్మా, నేను క్షేమంగా ఉన్నాను. దయచేసి ఆందోళన చెందకండి.”

నోరు నాదే. మాటలు మాత్రం నావి కావు; పైకి చూసి నేనూ ఆ గొంతుకు పలికాను కదా.

“కౌన్?” అంది అమ్మీ, ఎవరని అడుగుతూ.

నేనేనని చెప్పడానికి మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ అవే మాటలు... రైల్లోని ఆ మెత్తని స్వరంతో.

“ఆమెర్ కు ఫోన్ దేవ్,” అంటోంది అమ్మీ. నాకు ఫోన్ ఇమ్మని నన్నే అడుగుతోంది. “కౌన్ హై జీ తుమ్? మేరే బచ్చే కు ఫోన్ దేవ్...”