ఇనుము ఆగిన చోటు

పుచ్చిపోయిన దూలాన్ని దించినప్పుడు, దాని చివరి తొర్రలో ఒక వెదురు గొట్టం దొరికింది వంతల చిలకమ్మకు. లోపల నూనె పట్టించిన గుడ్డ. దాని మీద మసితో గీసిన కొండలు, ఒక వాగు, కొండ నెత్తిన నల్లటి గుహ నోరు. వాగు దాకా వరసగా సన్నని నెలవంకలు. వాగు దాటాక నిండు చందమామలు.

అది సోంబరి తాత గీత. చిలకమ్మ భర్తకు ఆయన తాత. మన్యం తిరగబడిన పితూరీ రోజుల్లో, సిపాయిలు గుర్రాల మీద ఊళ్ళు దోచుకుంటూ వస్తున్నారని విని, అడ్డగూడెం ఆడవాళ్ళంతా మెడల్లోని వెండి కంటెలు తీసి మూటగట్టి, దాచి రమ్మని ఆయన చేతికిచ్చారు. ఈ గుడ్డను గీసి తన ఇంటి దూలంలో దాచి, గుర్రమెక్కి కొండకు వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. మూటతో పల్లానికి పారిపోయాడని ఊరు తేల్చేసింది. అప్పటి నుంచి వాళ్ళది దొంగోడి ఇల్లు. పండగకు ధింసా ఆడేటప్పుడు ఆ ఇంటి ఆడవాళ్ళు వరస చివర నిలబడాలి, పక్క మనిషి వాళ్ళ నడుం మీద చెయ్యి వెయ్యదు. ఆ ఇంట నీళ్ళు ఎవరూ ముట్టరు. చిలకమ్మ భర్త ఆ మాట పడుతూనే పోయాడు. ఇప్పుడు ఆమె కూతురు వరస చివర నిలబడుతోంది.

నెలవంక నాడు బయల్దేరి పున్నమికి చేరాలని దాని అర్థమన్నాడు మరిది బోంజుబాబు. అలా రెండు నెలలు తిరిగి, ఒంటి నిండా ముళ్ళగీతలతో వచ్చాడు. చందమామ లెక్క ఎక్కడో తప్పింది, ఇంకో నెల చూద్దామన్నాడు.

ఒక పొద్దున చిలకమ్మ తన ఆడగుర్రం నల్లి కాలు ఒళ్ళో పెట్టుకుని, పుల్లతో గిట్టలోని బురద తీస్తోంది. తీస్తూ తీస్తూ ఆగిపోయింది. గుండ్రటి గిట్ట, దాని మధ్యలో ముక్కోణంలా చీలిన మెత్తటి కండ. లోపలికి వెళ్ళి గుడ్డ తెచ్చి పక్కన పరిచింది. ప్రతి చందమామ మధ్యలోనూ అలాంటిదే ఒక చీలిక గీత.

"బోంజూ, సందమామకి మద్దెన సీలిక ఉంటదా?"

బోంజుబాబు వంగి చూశాడు. చిలకమ్మ గుడ్డ మీది చందమామను వేలితో చూపించింది.

"ఇది ఉత్త గిట్ట అడుగు. ఆ నెలవంకలు ఇనప లాడాలు. సిపాయిల గుర్రాలు ఎక్కడి దాకా రాగలవో గీసి పెట్టినాడు తాత. ఇనుము ఆగిపోయిన కాడి నుంచి మన దారి."

తాము మాత్రమే వెళ్ళి తెస్తే, ఇన్నాళ్ళూ ఇంట్లోనే దాచుకున్నారంటారు. అందుకే ఊరి పెద్ద కిల్లో సుక్రును సాక్షిగా రమ్మంది. ఊరు ఆయన మాట మీద నిలబడుతుంది. దొంగోడి ఇల్లన్న మాట అందరికంటే గట్టిగా అనేదీ ఆయనే. కంటెలు దొరక్కపోయినా కుందేలైనా దొరుకుతుందిలే అని నవ్వుతూ కంబళి కప్పుకుని వచ్చాడు ముసలాయన.

పుష్య మాసపు తెల్లవారుజాము. గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉప్పు చల్లినట్టుంది. బోంజుబాబు గుర్రానికి లాడాలున్నాయి. రోడ్డు మీద టకటకమంటూ నడిస్తే కొత్త అల్లుడు బూట్లేసుకుని వచ్చినట్టుంటుందని, పల్లపు సంతలో ముచ్చటపడి కొట్టించాడు. కొండెక్కే కొద్దీ ఆ ఇనుము లోపల మంచూ మన్నూ కూరుకుని ముద్దలు కట్టాయి. గుర్రం పాంకోళ్ళు తొడుక్కున్న మనిషిలా తడబడుతూ నడిచింది. నల్లి గిట్టల్లో మాత్రం ముద్ద నిలవలేదు. అడుగు మోపినప్పుడు గిట్ట కాస్త విచ్చుకునేది, ఎత్తినప్పుడు మంచు దానంతటదే రాలిపోయేది.

వాగు దాటగానే ముగ్గురూ నిలబడిపోయారు. ఎదురుగా మూడు తాటిచెట్ల ఎత్తున ఏటవాలు బండ. పై నుంచి ఊటనీరు జారుతోంది. నీటి కింద పాచి, పాచి మీద అద్దంలా పలచటి మంచు. బండ కింది గోతిలో ఆకులు తొలగించి చూస్తే ఎముకలు. మనుషులవి, గుర్రాలవి. వాటి మధ్య తుప్పు పట్టిన ఇనప నెలవంకలు, నాచు పట్టినవి, వేళ్ళలో ఇరుక్కున్నవి, ఎక్కడ చూసినా అవే. తాత వెంటపడి వచ్చిన సిపాయిలవే అన్నాడు బోంజుబాబు. సుక్రు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

అయినా బోంజుబాబు తన గుర్రాన్ని ఎక్కించబోయాడు. రెండో అడుగుకే ఇనుము కీచుమంది. గుర్రం మోకాళ్ళ మీద పడి కిందికి జారింది. దాన్ని చెట్టుకు కట్టేశారు.

చిలకమ్మ నల్లి తాడు వదులుగా పట్టుకుంది. గుర్రం తల దించి బండను వాసన చూసింది. ఒక గిట్ట మోపి, బరువు వెయ్యకుండా తడిమి, తీసి, జానెడు పక్కన మళ్ళీ మోపింది. చీకట్లో గోడ తడుముకునే చెయ్యిలా ఉంది ఆ కాలు. గిట్ట అంచు మంచును కొరికి రాయిని పట్టుకున్నాక గానీ రెండో కాలు ఎత్తలేదు. అది మోపిన చోటే మోపుతూ, ముగ్గురు మనుషులూ ఉత్త కాళ్ళతో దాని వెనకే పాకారు.

గుహలో పొద్దుటి వెలుగు సన్నటి చారలా పడుతోంది. ఆ వెలుగులో, గోడకు ఆనుకుని సోంబరి కూర్చుని ఉన్నాడు. ఎముకలు, కంబళి పీలికలు. పక్కటెముకల మధ్య తుపాకీ గుండు. ఒళ్ళో మూట, మూట మీద చేతి ఎముక. గుడ్డ చివికిన చోట కంటెలు నల్లగా కనిపిస్తున్నాయి. పైనున్న దానికి రెండు పాము తలలు. సుక్రు దాన్ని చూసి, అది తన నాయనమ్మదని గొణిగాడు. చిన్నప్పుడు ఆమె దాని గురించి చెప్పి ఏడ్చేదట.

వెనక్కి అడుగు వేస్తూ ఆయన రాళ్ళ సందులో కాలు పెట్టాడు. ఆయన కాలి ఎముక విరిగిన చప్పుడు గుహంతా వినబడింది.

బయట మబ్బు దిగుతోంది. ఎండ తప్పితే ఊటనీరు మళ్ళీ గడ్డకడుతుంది. ఆ బండ మీద నల్లి మొయ్యగలిగేది ఒక్క బరువే.

"మూట ఎక్కించండి," అన్నాడు సుక్రు. "నన్ను రేపొచ్చి తీసికెళ్దురు."

"రేపటికి నువ్వూ ఈయన పక్కన గోడకానుకునుంటావు పెద్దయ్యా," అంది చిలకమ్మ.

ఒక్క కంటె అయినా తీసుకెళ్దామని బోంజుబాబు చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. "దినం సెయ్యకుండా, సచ్చినోడి సేతి కింద నుంచి లాగుతావా? అప్పుడు నిజంగా దొంగలమే అవుతాం."

"ఈ ముసిలోడు కిందికెల్లి నాను సూళ్ళేదంటే?" అన్నాడు బోంజుబాబు మెల్లగా.

"అంటే అంటాడు. ముందు ఎక్కించు."

పొగమంచు కమ్మేసింది. నల్లి వెనక కాళ్ళు ముడిచి, దాదాపు కూర్చున్నట్టుగా దిగుతోంది. సగం దూరంలో దాని అడుగు జారింది. బోంజుబాబు భయంతో తాడు బిగించి లాగాడు. గుర్రం తల పైకి లేచింది, ముందుకాళ్ళు తేలిపోయాయి.

"తాడొదిలెయ్. దాని కాళ్ళకి తెలుసు," అంది చిలకమ్మ.

తాడు వదిలాడు. నల్లి తల దించింది, నాలుగు గిట్టలూ వెడల్పుగా పరిచి బెత్తెడు జారి నిలిచింది. వీపు మీద సుక్రు దాని జూలును రెండు చేతులా పట్టుకున్నాడు. గోతిలో ఆ ఎముకలు ఎక్కడున్నాయో పొగమంచులో కనబడటం లేదు. నల్లి మళ్ళీ తడిమింది, మోపింది. అలా ఎన్ని అడుగులో ఎవరికీ తెలియదు. చివరకు వాగు నీళ్ళు కాళ్ళకు తగిలాక, చిలకమ్మ దాని మెడకు నుదురు ఆనించింది.

పొద్దు వాలకముందే ఊళ్ళోకి వచ్చారు. ఉత్త చేతులు చూసి జనం నవ్వారు. దొంగోడి మూటకు కాళ్ళొచ్చాయా అని ఎవరో అడిగారు. చిలకమ్మ వెనక్కి తిరిగి సుక్రు వైపు చూడకుండా నల్లిని నడిపించింది.

గుర్రం మీది నుంచే సుక్రు చెయ్యెత్తాడు.

"ఉన్నాయి. మన ఆడోళ్ళ కంటెలన్నీ ఉన్నాయి. సోంబరీ అక్కడే ఉన్నాడు. తూటా దిగినా మూట మీద సెయ్యి తియ్యలేదు. ఊరంతా కలిసి దినం సెయ్యాల, తరవాతే వెండి."

దించడానికి కొడుకులు వచ్చి ఇంటి వైపు తిప్పబోతే ఆయన వద్దన్నాడు.

"సోంబరి ఇంట్లో దించండి. ఆళ్ళ నీళ్ళు తాగి ఎల్తాను."

చిలకమ్మ లోపలికి వెళ్ళి ముంత నిండా నీళ్ళు తెచ్చింది. ఆయన రెండు చేతులూ చాచి అందుకుని, జనం చూస్తుండగా తాగాడు.