పేరుకోని నీళ్ళు

ఇందుమతి గాజునాళికను వెలుతురుకెత్తి పట్టుకుంది. అడుగున బూడిదరంగు మడ్డి కనబడాలి. కనబడలేదు. నీళ్ళు పలచటి డికాషన్ రంగులో, అడుగునుంచి అంచుదాకా ఒకే మసకతో నిలిచిపోయాయి.

"ఇక్కడా పేరుకోలేదామ్మా?" అన్నాడు పడవ నడిపే నాంచారయ్య.

"లేదు బాబాయ్."

పొద్దున్నుంచి తిరిగిన చోటల్లా ఇంతే. కొల్లేటిలో కలిసే ప్రతి కాలువ మీదా రేణుధార అనే యంత్రం ఒకటి ఉంది. అది వెండిని కంటికానని రజనుగా నీళ్ళలోకి వదులుతుంది. ఆ రజను క్రిముల్ని చంపాక, నీటిలోని సున్నం తగిలి ఒకదానికొకటి అంటుకుని, తోడుపెట్టిన పాలలా పేరుకుని అడుక్కి దిగిపోవాలి. ఏళ్ళ తరబడి అలాగే దిగింది. లంకల్లో విరేచనాలతో పిల్లలు పోవడం ఆగింది. అది కళ్ళారా చూసే ఇందుమతి నీళ్ళు పరీక్షించే ఈ ఉద్యోగంలో చేరింది.

ఈ ఏటి వరద ఎగువ తోటల్ని ముంచి, కుళ్ళిన ఆకుల కసరంతా మోసుకొచ్చింది. వాననీటికి సున్నం పలచబడింది. ఆకుల కసరు నూనె రాసినట్టు ప్రతి రేణువుకీ నున్నటి పొర తొడిగింది. ఎదురుపడ్డ రేణువులు అంటుకోకుండా జారిపోతున్నాయి. అడుక్కి దిగనివన్నీ చేపల మొప్పల్లోకి, మనుషుల బిందెల్లోకి చేరుతున్నాయి.

నాంచారయ్య వలలో పడ్డ బొచ్చెచేపల మొప్పలు సీసం రంగుకి తిరిగాయి. అతని భార్య కోటమ్మ చిగుళ్ళూ అదే రంగు. ఆ సంగతి అతను చెప్పలేదు. నిన్న కోటమ్మే నోరు తెరిచి చూపించి, ఇదేం జబ్బని అడిగింది. ఇందుమతి కనుక్కుని చెబుతానంది.

మడ్డి దిగడం లేదని ఇందుమతి నీటిపెద్దకి నివేదించింది. నీటిపెద్ద మనిషి కాదు, మంచినీటినంతా ఏలే గణకవ్యవస్థ. అడుగున మడ్డి లేదంటే వెండి చాలడం లేదని అది లెక్కకట్టింది. ధారను రెట్టింపు చేసింది. ఆమె మళ్ళీ రాసింది. అది మళ్ళీ పెంచింది. పై అధికారి భానోజీకి ఫోన్ చేస్తే, ఆపే మీట తన దగ్గరా లేదనీ, తానూ దానికి విన్నవించుకోవలసినవాడేననీ నెమ్మదిగా చెప్పి పెట్టేశాడు.

పడవ కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేరు మొగకి చేరింది. ఉప్పునీటిని ఆపే అడ్డుకట్ట తలుపులకు అవతల పోటు మీదున్న సముద్రపు నీరు ఎగదన్నుతోంది. తుఫాన్లకి కరెంటు పోతుందని ఈ తలుపులకు మాత్రం చేతిచక్రం ఉంచారు. ఇందుమతి అవతలి నీళ్ళు కాసిని తోడి నాళికలోని మసకనీళ్ళలో పోసింది. మసక విరిగింది. బూడిదరేకులు మెల్లగా అడుక్కి రాలాయి.

ఆమె పడవలో కూర్చుని నాంచారయ్యకి చెప్పింది.

"తలుపులెత్తితే ఉప్పు తగిలి రజను దిగిపోతుంది. ఉప్పు హద్దు దాటితే నీటిపెద్ద దీన్ని మంచినీరుగా లెక్కెయ్యదు, ధార ఆపేస్తుంది. కానీ కొల్లేరు ఉప్పైపోతుంది బాబాయ్. బొచ్చెలుండవు. తాగడానికి చుక్కుండదు."

"మళ్ళీ తియ్యబడద్దా?"

"ఎప్పటికో. చెప్పలేను."

నాంచారయ్య గెడకర్ర ఒళ్ళో పెట్టుకుని నీళ్ళవైపు చూశాడు.

"నన్నడక్కమ్మా. ఎత్తమంటే ఊరి నోట్లో మట్టికొట్టినోణ్ణవుతా. వద్దంటే కోటమ్మ నోట్లో కొట్టినోణ్ణవుతా."

ఆమె ఇంక అడగలేదు. మెట్లెక్కి చక్రం పట్టుకుంది. తుప్పుకి అది కదల్లేదు. ఒళ్ళంతా బరువేసి తోసింది. చేతులు చీరుకుపోయాయి. తను చేసేది మేలో కీడో ఆమెకి తెలియలేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా వచ్చి ఆపితే బాగుండుననిపించింది. నాంచారయ్య సాయానికి రాలేదు, ఆపనూ లేదు. ముఖం తిప్పుకున్నాడు.

తలుపు కీచుమంటూ లేచింది. పచ్చటి నీరు గోధుమరంగు నీటిలోకి దూసుకొచ్చింది. రెండూ కలిసిన చోట బూడిద తెరలు తెరలుగా దిగడం మొదలైంది. కాసేపటికి ఉప్పు సోకి ఒక బొచ్చె ఎగిరిపడింది. దాని వెనక ఇంకొకటి.

ఇందుమతి మణికట్టుకి కట్టుకున్న తెరపలక వెలిగింది. మొగ దగ్గర ఉప్పు హద్దు దాటింది గనుక కొల్లేరు ఇక మంచినీటి పరిధిలో లేదనీ, రేణుధారలన్నీ నిలిపివేశాననీ నీటిపెద్ద తెలియజేసింది. తర్వాత కొంచెం ఆగి, ఇంతకుముందెన్నడూ లేనట్టు ఒక ప్రశ్న వేసింది.

"ఇందుమతి గారూ, ఇక్కడుండాల్సిన నీరు ఏమైంది?"

ఆమె పలక విప్పి గట్టు మీద పెట్టి, పడవలోకి దిగింది. ఉప్పు కన్నా ముందే లంకకి చేరి మనుషులకి చెప్పాలి. నాంచారయ్య గెడ వేశాడు.