తెల్ల గులాబీ ఎవరి కోటుకి?

"మా చెల్లి పెళ్ళి, లొర్కన్. నేను వెళ్తున్నా. అంతే."

డబ్లిన్‌లో ఓ సైకిల్ షాపు వెనక గదిలో ఫింటన్ హార్టిగన్ టై కట్టుకుంటున్నాడు. రెండేళ్ళుగా ఇంగ్లీషు సైన్యం వెతుకుతున్న మనిషి. వాళ్ళ కోర్టులు ఖాళీ చేయించి ఊరూరా ప్రజల కోర్టులు పెట్టించాడు. ఆయన ఫొటో ఒక్కటి కూడా వాళ్ళ దగ్గర లేదు. అందుకే ఇంకా బతికున్నాడు.

ఏజెంట్ లొర్కన్ డెవేన్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"చీఫ్, ఇంగ్లీషువాళ్ళ ఆఫీసులున్న కోటలో మన టైపిస్టు కబురు పంపింది. పెళ్ళిలో ఎవరో ఆడమనిషి మీ కోటుకి తెల్ల గులాబీ గుచ్చుతుందట. బయట సిపాయిలకి అదే గుర్తు. పట్టుకున్నారంటే ఉరే."

"ఎవరా ఆడమనిషి?"

"తెలీదు."

"అయితే అందర్నీ అనుమానించు. మా అత్తని కూడా వదలకు. నేనంటే ఆవిడకి ఎప్పుడూ గిట్టదు."

పెళ్ళివిందులో లొర్కన్ వెయిటర్ వేషం కట్టాడు. ట్రే కింద చిన్న పిస్తోలు. ప్రతి ఆడమనిషి చేతి సంచీ మీదా అతని చూపు పడుతూనే ఉంది.

అప్పుడు వచ్చింది నోరీన్ క్విల్టీ. ఆకుపచ్చ పట్టు గౌను, నాటకశాలలో పాటలు, ఇంగ్లీషు ఆఫీసర్లతో డిన్నర్లు. అక్కడి కబుర్లు మనకి చేరవేస్తుంది. ఇక్కడివి అక్కడికి చేరవేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఆమె సంచీలోంచి తెల్లటి రేకు తొంగిచూస్తోంది.

వంటగది దారిలో లొర్కన్ ఆమెని ఆపాడు. "ఎవరికా పువ్వు?"

"ఎవరికో నీకు తెలుసు. నేను గుచ్చుతున్నానో లేదో చూడ్డానికి ఒకణ్ణి లోపలికి పంపారు, గుచ్చకపోతే నా ప్రాణం పోతుంది. లండన్ నించి కొత్తగా దిగాడు, ఇక్కడి సిపాయిలక్కూడా వాడి మొహం తెలీదు."

"నీకు తెలుసా?"

"నాకూ చెప్పలేదు. వాళ్ళూ నన్ను నీలాగే నమ్ముతారు మరి."

ఆమె నవ్వింది. లొర్కన్ నవ్వలేదు.

భోజనాలు ముగుస్తుండగా ఫాదర్ పరలోక ప్రార్థన మొదలుపెట్టాడు. "కీడు నుండి మమ్మల్ని రక్షించండి" దగ్గర హాలంతా ఆగింది. క్యాథలిక్కులు అక్కడితో ముగిస్తారు. గాల్వే నించి వచ్చిన పశువుల వ్యాపారినని చెప్పుకుంటున్న లాలీ మాత్రం "రాజ్యము, బలము..." అని, ఠక్కున దగ్గు తెచ్చుకున్నాడు. అది ఇంగ్లీషు చర్చి ప్రార్థన.

లొర్కన్ అటు తిరిగేలోపే నోరీన్ నవ్వుతూ వెళ్ళి హార్టిగన్ కోటుకి గులాబీ గుచ్చేసింది. లొర్కన్ వేలు పిస్తోలు మీద బిగుసుకుంది. లాలీ కిటికీ దగ్గరికి వెళ్ళి కర్టెన్ లాగాడు. వీధిలో లారీ ఇంజన్ గుర్రుమంది.

పెళ్ళికూతురు బయల్దేరుతోంది. చెల్లి మీదే కళ్ళున్న హార్టిగన్ తన కోటు వైపు చూసుకోకుండానే, సాగనంపడానికి తలుపు వైపు నడిచాడు.

కాల్చాలా? ఎవర్ని?

లొర్కన్ పిస్తోలు వదిలేశాడు. గిన్నెడు మాంసం పులుసు తీసుకెళ్ళి లాలీ మొహాన ఒలకబోశాడు.

"క్షమించండి సార్! కాలు జారింది!"

నోరీన్ ఒక్క క్షణం లొర్కన్ కళ్ళలోకి చూసింది. మరుక్షణం హార్టిగన్‌ని కౌగలించుకుంది. ఆ వెంటనే లాలీ పక్కన ఉంది.

"అయ్యో, కళ్ళల్లో పడిందా? రండి, బయట పంపు దగ్గర కడుక్కుందురు గాని."

కళ్ళు మండుతుంటే లాలీ ఆమె చెయ్యి పట్టుకుని, హార్టిగన్‌ని దాటుకుని గుమ్మం దిగాడు. ఇప్పుడు లాలీ కోటు మీద ఉంది తెల్ల గులాబీ.

సిపాయి తుపాకీ మడమ అతని పొట్టలో దిగింది. "నేను ఇంగ్లీషువాణ్ణిరా వెధవల్లారా! కెప్టెన్ని!" లాలీ అసలు యాసలో అరిచాడు.

"హార్టిగన్‌కి అన్ని యాసలూ వచ్చని ముందే చెప్పార్లే. ఎక్కరా లారీ!" అన్నాడు సార్జెంటు.

అప్పటికే హార్టిగన్ వెనక గోడ దూకేశాడు.

"నువ్వు ఎవరి మనిషివి, నోరీన్?" అడిగాడు లొర్కన్.

"రేపు వాళ్ళూ ఇదే అడుగుతారు. వాళ్ళకేం చెప్పాలో ముందు ఆలోచించుకోనీ."

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక హార్టిగన్ తన చేత్తో ఆమెకి పతకం తొడిగాడు. అదే నెలలో లండన్ నించి కూడా ఆమెకి ఒక పతకం వచ్చింది. ఆమె దాన్ని తిప్పి పంపలేదు.