పెద్దరోడ్డు వద్దు

తెల్లవారుజామున నాలుగున్నరకు ఆ ఇంట్లో మొదట వినిపించేది ఫ్రీజర్ తలుపు చప్పుడు. అందులోంచి తీసిన ఐస్ ప్యాకులను నీలం పెట్టెలో అడుగున పరిచి, వాటి మీద పలచటి గుడ్డ వేసి, ఎర్రమూతల గొట్టాలను ఒకవైపూ ఊదామూతల గొట్టాలను మరోవైపూ సర్దుకుంటుంది సూదమ్మ. అది ఆమె అసలు పేరు కాదు. ఇల్లిల్లూ తిరిగి రోగుల నుంచి రక్తం తీసి ల్యాబుకు చేర్చడం ఆమె ఉద్యోగం. చెయ్యి తేలికని మెచ్చుకుంటూ ఓ ముసలాయన పెట్టిన పేరు ఇంట్లోవాళ్ల నోళ్లలోకి కూడా ఎక్కింది.

ఆ బుధవారం కూడా పెట్టె సర్ది, కారు తాళాలు తీసుకుంది. భర్త అప్పటికే లేచి, ముందుగదిలో బల్లదీపం కింద ప్రూఫులు దిద్దుకుంటున్నాడు. ప్రెస్సు వాళ్లు పంపిన కాగితాల మీద ఎర్రకలంతో గీతలు గీస్తూ, తలెత్తకుండానే ఫోను అందించాడు. రోజూ ఆమె స్నానం చేసి వచ్చేలోపు, ఆనాటి ఇళ్ల చిరునామాలు ఫోనులో ఎక్కించి పెట్టడం ఆయన పని.

"ఆ ఫోన్లో పిల్లకి ఇవాళైనా బుద్ధొచ్చిందా?" అని వంటింట్లోంచి అడిగింది వదిన. ఆయన అక్కగారు. "నిన్న దాన్ని గాల్లో తెగ తిప్పావుగా, ఈగలు తోలినట్టు."

"అలా తిప్పితే దిక్కులు సరిచూసుకుంటుందట వదినా."

"దిక్కులు మనకే తెలియటం లేదు, దానికేం తెలుస్తాయి."

సూదమ్మ నవ్వింది గానీ ఆ నవ్వు పెదాలు దాటలేదు.

ఐదు నెలలుగా ఫోను ఆమెను తప్పుదారి పట్టిస్తోంది. ఇళ్లకు సరిగ్గానే తీసుకెళుతుంది. తిరిగి ల్యాబుకు వచ్చేటప్పుడు మాత్రం, నేరుగా పెద్దరోడ్డు ఎక్కితే పావుగంటలో తేలిపోయే దానికి, ఎడమకు తిప్పి గోడౌన్ల వెనక నుంచి, కాలవగట్టు మీదుగా ముప్పావుగంట తిప్పుతుంది. ఆమె చేయని మరమ్మతు లేదు. ఆపి మళ్లీ వేసింది. పాత మ్యాపులు చెరిపేసి కొత్తవి దింపింది. చివరికి యాప్ మార్చింది. మొదటిది వాహనాల రద్దీ చక్కగా చెప్పేది కానీ చార్జింగ్ తాగేసేది. రెండోదాని గొంతు స్పష్టం, కానీ సిగ్నల్ పోతే మూగబోయేది. మూడోది నెట్ లేకపోయినా పనిచేస్తుందని భర్తే పక్కన కూర్చుని ఎంచి పెట్టాడు. ప్రతి యాపూ ఇంట్లో దింపుకున్న సాయంత్రం నేరుగానే చూపించేది. మర్నాటికి మళ్లీ కాలవగట్టే.

పోయిన వారమే ఆమెకు కారణం దొరికింది. సెట్టింగులలో 'పెద్దరోడ్లు వద్దు' అని ఒక మీట ఉంది. అది వేసి ఉంది. హాయిగా ఊపిరి పీల్చుకుని తీసేసింది. మర్నాడు చూస్తే మళ్లీ వేసి ఉంది. మళ్లీ తీసేసింది. మళ్లీ వేసి ఉంది.

అప్పుడు మొదలైంది భయం. తీసేశానని అనుకుంటున్నాను గానీ, నిజంగా తీసేశానా? ఆమె తల్లి కూడా చివరి రోజుల్లో ఇలాగే ఉండేది. స్టవ్ ఆర్పేశానని ఒట్టు పెట్టేది, మంట మండుతూనే ఉండేది. ఆఖరికి గుమ్మం ఎటుందో తెలియక గోడలు తడుముకుంది. సూదమ్మ ఎవరికీ చెప్పలేదు. తలుపేసుకుని స్నానం చేస్తూ పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పుకునేది. తప్పు పోకపోతే ఆ పూటకి ధైర్యం.

నిన్న సాయంత్రం ఒక కాగితం మీద రాసి, సంచిలో పెట్టుకుంది. 'మంగళవారం, ఆరున్నర. మీట తీసేశాను. నా చేత్తో. రెండుసార్లు చూశాను.'

ఆరోజు మూడో ఇల్లు ఒక తొమ్మిది నెలల పసిపిల్లది. నాలుగు రోజులుగా జ్వరం. బొద్దుగా ఉన్న చేతిలో నరం దొరకడానికి చాలాసేపు పట్టింది. పిల్లను ఒళ్లో అదిమి పట్టుకున్న తల్లి మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చింది. ఆ గొట్టాన్ని పెట్టెలో పెట్టి, మిగతా ఇళ్లు కూడా చూసుకుని సూదమ్మ ల్యాబుకు బయలుదేరింది. రెండు గంటల్లోగా ల్యాబుకు చేరకపోతే రక్తం పాడైపోతుంది. పసిపిల్లది తీసి అప్పటికే గంటా పది నిమిషాలు అయింది.

"ఎడమవైపు తిరగండి," అంది ఫోను.

ఆమె చేతులు తిప్పేశాయి. గోడౌన్ల గోడ మొదలయ్యాక గానీ తేరుకోలేదు. కారు పక్కకు ఆపి సెట్టింగులు తెరిచింది. మీట వేసి ఉంది. సంచిలోంచి కాగితం తీసింది. తన దస్తూరీయే. 'నా చేత్తో' అన్న మాట దగ్గర కలం గట్టిగా నొక్కి రాసింది కూడా.

అంటే రాసిన తర్వాత మళ్లీ తనే వేసిందా? ఎప్పుడు? అది కూడా గుర్తులేదంటే ఇంకా ఏమేం గుర్తులేవు? ఏ గొట్టం మీద ఎవరి పేరు అంటించిందో?

వెనక్కి తిప్పుకునే చోటు లేదు. కాలవగట్టు మీద మంచు పట్టింది. రెండు బారల దూరం దాటితే ఏమీ కనిపించడం లేదు. కుడిపక్క నీళ్లు, అడ్డుగోడ లేదు. "పంతొమ్మిది ఒకట్లు పంతొమ్మిది," అని మొదలుపెట్టింది. పంతొమ్మిది ఏడుల దగ్గర ఎదురుగా లారీ దీపాలు లేచాయి. లారీ ఆగింది గానీ తగ్గలేదు. తనే వెనక్కి పోవాలి. అద్దంలో మంచు తప్ప ఏమీ లేదు. తల బయటపెట్టి, వెనక చక్రానికీ గట్టు అంచుకూ మధ్య ఎంతుందో చూసుకుంటూ అంగుళం అంగుళం వెనక్కి జరిపింది. మట్టి పెళ్ల విరిగి నీళ్లలో పడిన చప్పుడు వినబడింది. పంతొమ్మిది ఏడులు ఎంతో ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు.

ల్యాబులో మూడు గొట్టాలు పక్కన పెట్టేశారు. అందులో పసిపిల్లది ఒకటి. సూపర్‌వైజర్ కోప్పడలేదు, ఇలా ఈ నెలలో ఇది నాలుగోసారి అని మాత్రం అన్నది. సూదమ్మే మళ్లీ వెళ్లింది. గుమ్మంలో ఆమెను చూడగానే పిల్ల ఏడుపు అందుకుంది. రెండో చేతికి గుచ్చింది.

తిరిగి వస్తూ ఫోన్లు బాగుచేసే దుకాణం దగ్గర ఆగింది. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి ఫోను అంతా వెతికి చూసి, దీనికేమీ రోగం లేదండీ అని తిరిగిచ్చింది.

"మీట దానంతట అదే పడుతోందమ్మా."

"అలా పడదండీ. ఎవరో ఒకరు వేలు పెట్టాల్సిందే." ఆమె మొహంలోకి చూసి ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "మీరే పొరపాటున వేసి మర్చిపోయి ఉంటారు."

ఆ మాట ఎవరి నోటి నుంచి వస్తుందోనని సూదమ్మ వారం రోజులుగా బెదురుతూనే ఉంది. విన్నాక వింతగా నెమ్మదించింది. ఇంటికి చాలా నిదానంగా, ప్రతి మలుపు దగ్గరా ఆగి నడుపుకుంటూ వెళ్లింది.

భర్త ఇంకా ప్రూఫుల ముందే ఉన్నాడు. ఆమె కారు తాళాలు ఆ కాగితాల మీద పెట్టింది.

"రేపటి నుంచి కారు తియ్యను. ఉద్యోగం మానేస్తాను."

ఆయన కలం పక్కన పెట్టాడు. ఆ మొహంలో ఒక క్షణం బరువు దిగినట్టు కనిపించింది. "మంచి పనే. ఒళ్లు హూనం చేసుకుంటున్నావు. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో," అన్నాడు.

"విశ్రాంతి కోసం కాదండీ. మా అమ్మకు వచ్చిందే నాకూ వచ్చింది." కాగితం తీసి ఆయన ముందు పరిచింది. "నిన్న తీసేసి, రాసుకుని మరీ పెట్టుకున్నాను. పొద్దున చూస్తే మళ్లీ వేసి ఉంది. నేనే వేస్తున్నాను, నాకే తెలియటం లేదు. రేపు ఒకరి రక్తం మీద ఇంకొకరి పేరు అంటిస్తాను. పసిపిల్లకి తప్పు మందు పడుతుంది. డాక్టరు దగ్గరికి నన్ను మీరే తీసుకెళ్లాలి. దారి నాకు అప్పజెప్పకండి."

ఆయన కాగితం చదివాడు. తప్పులు వెతకడం అలవాటైన కళ్లు ఆ నాలుగు ముక్కల మీద చాలాసేపు ఆగిపోయాయి.

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న వదిన చేతిలో గిన్నె అలాగే ఉంది. "చెప్పరా," అంది తమ్ముడితో. "నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

"మీట నేనే వేస్తున్నాను," అన్నాడాయన. "నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు."

సూదమ్మకు ఆ మాటలు వెంటనే బుర్రకెక్కలేదు. కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"నువ్వు మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు నుంచి. నేరుగా వెళితే కూడలి వస్తుందిగా."

కూడలి అంటే ఆ ఇంట్లో ఒకటే. పద్నాలుగు నెలల కిందట, పెద్దరోడ్డు మీది ఆ నాలుగు దారుల కూడలిలో, వాళ్ల ఒక్కగానొక్క కూతురు పాపాయి బండిని లారీ గుద్దింది. ఇరవై మూడేళ్లు వచ్చినా ఆమె ఇంట్లో పాపాయే. ఆరోజు సూదమ్మ ఊరికి ఆ చివరన ఎవరికో రక్తం తీస్తోంది. ఆమెను నేరుగా ఆసుపత్రికే రమ్మన్నారు. కూడలి దగ్గరికి పరుగెత్తింది ఆయన ఒక్కడే. అక్కడ ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

"నేను ఎక్కం వల్లించుకుంటుంటే విన్నారా?" అని అడిగింది సూదమ్మ. గొంతు పెరగలేదు.

"విన్నాను."

"ఏమనుకున్నారు?"

"మనసు పాపాయి మీదకి పోకుండా చదువుకుంటున్నావనుకున్నాను."

"నాకు మతి పోతోందని చదువుకున్నాను. రోజూ. ఇవాళ కాలవగట్టు మీద వెనక చక్రం కింద మట్టి విరిగింది. ఆ పసిదాన్ని రెండోసారి గుచ్చాను. నా పక్కన కూర్చుని యాప్ ఎంచి పెట్టారు మీరు. ఫోను బాగు చేస్తున్నట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు."

ఆయన తల వంచుకున్నాడు. "నువ్వా చోటు చూసి తట్టుకోలేవు. స్టీరింగు ముందు నీకేమైనా అయితే... నాకు మిగిలింది నువ్వొక్కదానివే. ఇంకొకరిని ఆ రోడ్డుకి ఇచ్చే ధైర్యం నాకు లేదు."

"తట్టుకోలేనని మీకెవరు చెప్పారు?"

వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సూదమ్మ కుర్చీలో కూర్చుంది. కోపం ఎంత లోతుగా ఉందో చూద్దామని దిగితే, దాని అడుగున తన దొంగతనం కూడా ఒకటి కనిపించింది.

"నేరుగా వెళితే ల్యాబు వస్తుందని నాకు తెలియదా?" అంది. "ఆ మీట ఎందుకు పదేపదే తీసేశాననుకున్నారు? అది నేరుగా వెళ్లమంటే వెళ్లేదాన్ని. ఒక్కసారి ఎవరైనా వెళ్లమంటే చాలని చూశాను. ఎడమకు తిరగమంటే తిరిగాను. నాకై నేను వెళ్లలేకపోయాను."

తర్వాత ఆమె లేచి, కాగితాల మీది తాళాలు తీసుకుంది.

"చొక్కా వేసుకోండి. మీరు చెప్పండి, నేను నడుపుతాను."

ఎండ వాలుతోంది. ఫోను ఇంట్లోనే వదిలేశారు. ఆయన పక్కసీట్లో ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద బిగించుకుని కూర్చున్నాడు. గోడౌన్లకు తిరిగే మలుపు వచ్చింది. ఆమె వేగం తగ్గించింది. ఆయన "నేరుగా," అన్నాడు.

కూడలిలో ఎర్రదీపం పడింది. దాని కింద నూట పద్దెనిమిది అని అంకెలు. ముందు బస్సు, వెనక వ్యాన్. కదలడానికి లేదు. మూలన మందుల దుకాణం, దాని పక్కన టైర్లకు గాలి కొట్టే షెడ్డు, బస్సు కోసం నిలబడ్డ నలుగురు మనుషులు. అంతే. ఇది కూడా అన్నిటిలాంటి చోటే. పద్నాలుగు నెలలుగా లోపల తొలుస్తున్న ప్రశ్న అప్పుడు పైకి వచ్చింది.

"ఒక్కతే పడి ఉందా?"

"లేదు." ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు. "ఒకావిడ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కూరల సంచి పక్కన ఒలికిపోయి ఉంది, కూరలు దొర్లిపోతున్నా ఏరుకోలేదు. నేను వెళ్లేసరికే అయిపోయింది. అయినా ఆవిడ 'భయపడకమ్మా, భయపడకమ్మా' అంటూనే ఉంది. జుట్టు నిమురుతూనే ఉంది."

"ఇది ఎందుకు చెప్పలేదు నాకు?"

"పాపాయి కాసేపు మాట్లాడిందట. అమ్మ వస్తోందా అని అడిగిందట. అది నీకెలా చెప్పను?"

అంకెలు తగ్గుతున్నాయి. సూదమ్మ స్టీరింగు మీద నుదురు ఆనించింది.

"ఆవిడ ఏమందట?" అని అడిగింది, తల ఎత్తకుండా.

"దారిలో ఉంది, వచ్చేస్తోంది అని చెప్పిందట. దానికి పాపాయి సరే అన్నదట."

పచ్చదీపం పడింది. బస్సు కదిలింది. వెనక హారన్లు మోగాయి. సూదమ్మ కళ్లు తుడుచుకోకుండానే గేరు వేసి, కూడలి మధ్యలోంచి కారును నేరుగా పోనిచ్చింది. ఆయన చెయ్యి వచ్చి ఆమె మోచేతి మీద పడి అక్కడే ఉండిపోయింది.

"మళ్లీ చెప్పండి," అంది. "మొదటి నుంచి."

ఆయన కూరల సంచి దగ్గర మొదలుపెట్టాడు.