లోపం లేని కారుకి ఏడు రిపేర్లు

కారు కొన్న తొమ్మిదో రోజున ఫార్మసిస్టు దాన్ని లారీ మీద ఎక్కించి, అమ్మినవాళ్ళ గేటు ముందే దింపించాడు. వాన దంచి కొడుతోంది. గొడుగేమో కారులో ఉండిపోయింది. అతను నిలువునా తడిశాడు గానీ, కోపం మాత్రం చల్లారలేదు.

గేటు పక్కనున్న రేకుల షెడ్డులోంచి ఒకమ్మాయి బయటికొచ్చింది. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, చెవి వెనక టెస్టరు. కారు అమ్మిన రిటైర్డు హెడ్మిస్ట్రెస్‌గారి కూతురు. కరెంటు బండ్లు బాగుచేయడం ఆమె వృత్తి. అమ్మకం రోజున ఆమె ఊళ్ళో లేదు. ఉండుంటే ఈ గొడవే ఉండేది కాదు.

“మీ కారు వంతెన మధ్యలో ఆగిపోయింది,” అన్నాడతను.

“మీ కారండీ. కాగితాలు మారి తొమ్మిది రోజులైంది.”

“ఒక్క చార్జింగుకి నూట నలభై కిలోమీటర్లు నడుస్తుందన్నారు. డెబ్బై దాటలేదు!”

“ఎవరన్నారు?”

“మీటరు!”

“అయితే మీటర్నే నిలదీయండి. నన్నెందుకు?”

“ఏమిటా అల్లరి?” అంటూ వరండాలోకి వచ్చారు హెడ్మిస్ట్రెస్‌గారు. ముప్పై నాలుగేళ్ళ అలవాటు. ఆ గొంతుకి వాన కూడా కాస్త తగ్గినట్టనిపించింది. కంటి ఆపరేషనయ్యాక డాక్టరు డ్రైవింగు మానమన్నాడని ఆవిడ కారు అమ్మేశారు. “బాబూ, నేనబద్ధం చెప్పలేదు. బండిలో అంకె కనపడింది, అదే చదివాను.”

“అమ్మా, నువ్వు లోపలికెళ్ళు. తడుస్తావు,” అని కూతురు అతని వైపు తిరిగింది. “ఎంత స్పీడులో వెళ్ళారు?”

“తొంభై.”

“ఏసీ?”

“పదహారు మీద.”

“ఇంకేం! ఈ మీటరు ఉన్నది చెప్పదండీ, ఊహించి చెబుతుంది. ఇన్నాళ్ళూ నడిపినవాళ్ళ తీరు చూసి, ఇకముందూ అంతే అనుకుంటుంది. మా అమ్మ ముప్పై దాటదు. ఏసీ బటన్ ఎక్కడుందో కూడా తెలీదు. పాపం, ఎనిమిదేళ్ళు ఆవిడతో కాపురం చేసి, లోకంలో మనుషులందరూ మా అమ్మలాగే ఉంటారనుకుంది.”

అతనికి నవ్వొచ్చింది. కోపంలో ఉన్నవాడికి నవ్వు రావడమంత నామోషీ ఇంకోటి లేదు. గడ్డం మీది నీళ్ళు తుడుచుకుంటున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అతని బాధ అబద్ధమేమీ కాదు. ఇంటికీ, పనిచేసే ఆసుపత్రికీ మధ్య నలభై రెండు కిలోమీటర్లు. రానూ పోనూ ఎనభై నాలుగు. రెండు బస్సులు మారి, ఆలస్యంగా చేరి, సూపరింటెండెంటు చేత చీవాట్లు తిని తిని, కూడబెట్టుకున్నదంతా ఊడ్చి ఈ పాత కారు కొన్నాడు.

ఆమె అరచేతిలో పట్టేంత యంత్రమొకటి తెచ్చి స్టీరింగు కింద తగిలించింది. కాసేపు అంకెలు చూసింది. “బ్యాటరీ కొత్తదానిలో నూటికి డెబ్బై వంతులే ఉంది. పద్ధతిగా నడిపితే తొంభై అయిదు కిలోమీటర్లు. అంతకు మించి అడగడం అన్యాయం.”

“ఈ మాట అమ్మేముందు చెప్పుంటే?”

ఆమె తలెత్తి చూసి, తొడుగులు తీసేసింది. “అది మాత్రం మా తప్పే. నాలుగు ఆదివారాలు పక్కన కూర్చుని నడపడం నేర్పుతాను. అప్పటికీ ఎనభై నాలుగు రాకపోతే కారు మేం తీసుకుంటాం, మీ సొమ్ము మీకిచ్చేస్తాం.”

తప్పుని ఇంత తేలిగ్గా ఒప్పుకునే మనిషిని అతను ఆసుపత్రిలో ఎన్నడూ చూడలేదు. సరేనన్నాడు.

ఆదివారాలు మొదలయ్యాయి.

“ఆ బ్రేకు మీకేం అపకారం చేసిందండీ? అలా తొక్కేస్తున్నారు!”

“ఎదురుగా సిగ్నలుంది.”

“అది పావు కిలోమీటరు నుంచీ కనిపిస్తూనే ఉందిగా. ముందే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేయండి. దానంతటదే నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తూ కాస్త కరెంటు వెనక్కి రాబట్టుకుంటుంది కూడా.”

“వెనక్కి తగ్గితే లాభముంటుందని ఇప్పుడే వింటున్నా.”

“పెళ్ళైనవాళ్ళనడగండి, చెబుతారు,” అంది. వెంటనే కిటికీలోంచి బయటికి చూసింది. బయట చూడదగ్గదేమీ లేదు, ఒక సిమెంటు గోదాము తప్ప.

ఆసుపత్రికి వెళ్ళని రోజుల్లో నిండా చార్జింగు పెట్టొద్దంది, నూటికి ఎనభై వంతులు చాలంది. “మనిషి కూడా కడుపులో కాస్త చోటు మిగుల్చుకుని లేస్తేనే ఆరోగ్యం,” అంది. టైర్లలో గాలి వారం వారం చూసుకోమంది. వేడిగా ఉన్న బండిని వెంటనే చార్జింగుకి తగిలించొద్దంది. అతను అన్నీ మందుల చీటీలా బుద్ధిగా రాసుకున్నాడు.

నాలుగో ఆదివారం ఎనభై నాలుగు కిలోమీటర్లు తిరిగొచ్చారు. బ్యాటరీలో ఇంకా పదకొండు కిలోమీటర్లు మిగిలే ఉన్నాయి.

“నెగ్గారు!” అందామె చెయ్యి చాచి.

నెగ్గాడు. సోమవారం నుంచి వేళకి ఆసుపత్రికి చేరతాడు. సూపరింటెండెంటుకి తిట్టడానికి వేరే మనిషి కావాలి. కోరింది చేతికొచ్చింది. అయినా ఆ చెయ్యి కలిపి వదిలేసరికి, సొమ్ము ఊడ్చి కారు కొన్ననాటికంటే ఎక్కువ పోగొట్టుకున్నట్టనిపించింది. ఆదివారానికి ఇక పనేమిటి?

గురువారం ఫోన్ చేశాడు. “ఇంజన్లోంచి టకటక శబ్దం వస్తోందండీ.”

“ఏ ఇంజన్లోంచి? దీనికి ఇంజనెక్కడిది?”

“అదే... ముందు వైపు.”

అటువైపు రిపేర్ల పుస్తకంలో కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. “ఆదివారం తీసుకురండి. చూద్దాం.”

ఇక్కడొకమాట చెప్పుకోవాలి. ఈ ఫార్మసిస్టు మందుచీటీలో ఒక చుక్క అటూ ఇటూ అయితే పెద్ద డాక్టరుకే తిప్పి పంపే మనిషి. పొద్దున్నే దేవుడి పటానికి దణ్ణం పెట్టుకోనిదే గడప దాటడు. అలాంటివాడు రాత్రి భోజనమయ్యాక కారు మాన్యువల్ ముందేసుకుని, ఏ జబ్బైతే నమ్మేలా ఉంటుందా అని వెతకడం మొదలెట్టాడు. అబద్ధం పాపమే, సందేహం లేదు. కానీ ‘మిమ్మల్ని చూడాలని ఉంది’ అన్న చిన్న నిజం చెప్పే ధైర్యమివ్వకుండా, ‘చార్జింగు సగంలో ఆగిపోతోంది’ అని కల్పించే తెలివి మాత్రం ధారాళంగా ఇచ్చాడే, ఆ దేవుడికి ఇందులో వాటా ఉండదా?

మొత్తం ఏడు జబ్బులు. టకటక శబ్దం, సగంలో ఆగే చార్జింగు, ఎడమ వైపు లాగడం, ఎక్కడ మొదలవుతుందో తెలియని వణుకు, ఇంకా మూడు. ఆమె ప్రతిసారీ బండిని జాకీ మీద లేపింది, కింద దూరింది, మూడేసి గంటలు చూసింది. ఒక్కసారీ “ఏమీ లేదు” అనలేదు. “అంతుచిక్కడం లేదు. వచ్చేవారం మళ్ళీ చూడాలి,” అనేది గంభీరంగా.

మూడు గంటలూ అతను షెడ్డులో స్టూలు మీద కూర్చుని స్పానర్లు అందించేవాడు. పన్నెండో నంబరుది అడిగితే పదో నంబరుది ఇచ్చేవాడు.

“మందులు కూడా ఇలాగే ఇస్తారా?”

“అక్కడ నా ధ్యాస మందుల మీద ఉంటుంది.”

ఇంట్లో వాళ్ళమ్మ మాత్రం ఒకటే అంది. “ఒరేయ్, చెడిపోయిన బండిని రోజుకు రెండుసార్లు తుడిచే మనిషిని నిన్నే చూశాను.”

ఎనిమిదో వారం అతను వెళ్ళేసరికి షెడ్డు తలుపులు మూసున్నాయి. వరండాలో హెడ్మిస్ట్రెస్‌గారు ఒక కవరు పట్టుకుని కూర్చున్నారు. ముఖం పీక్కుపోయింది. కూతురు గుమ్మానికి ఆనుకుని నిలబడింది, కళ్ళెత్తడం లేదు.

“రా నాయనా. ఈ చెక్కు తీసుకుని కారు వదిలేసి వెళ్ళు.”

“ఎందుకండీ?”

“ఏడు రిపేర్లు! నువ్వింకా నడపడం నేర్చుకోవడానికే వస్తున్నావనుకున్నాను, ఇది ఒక్కమాటైనా నాతో అనలేదు. నిన్న షెడ్డులో రిపేర్ల పుస్తకం చూశాను. వారానికో రోగం రాసుంది. నాలుగు రోజుల నుంచి నిద్ర కూడా లేదు... కాదు, నిన్నటి నుంచే. నాలుగు రోజుల్లా అనిపిస్తోంది. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి నిజం చెప్పమని నేర్పి, చివరికి ఒక మంచి కుర్రాడికి కుళ్ళిన బండి అంటగట్టానా? ఇంత చేసి దేవుడికి దణ్ణమెలా పెట్టను?”

ఫార్మసిస్టు తన అబద్ధాలు తనతోనే ఉన్నాయనుకున్నాడు. అవి ఎప్పుడో గేటు దాటి వచ్చి, ఈ పెద్దావిడ నిద్ర తినేశాయి. చెక్కు తీసుకుంటే కారూ పోతుంది, ఆదివారమూ పోతుంది. తీసుకోకపోతే ఎందుకో చెప్పాలి. చెబితే ఈ ఇంట్లో మళ్ళీ అడుగు పెట్టనిస్తారో లేదో!

“అమ్మా, మీ కారుకి ఏ రోగమూ లేదండీ. అన్నీ నేను కల్పించినవే,” అనేశాడు.

“కల్పించావా? ఎందుకు?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. హెడ్మిస్ట్రెస్‌గారు అతన్ని చూశారు, కూతురిని చూశారు, మళ్ళీ అతన్ని చూశారు. కాపీ కొట్టినవాళ్ళని వెనక బెంచీ దాకా పట్టుకున్న కళ్ళవి. ఆపరేషనయ్యాక ఇంకా బాగా కనిపిస్తున్నాయి.

“ఏమే? నీకు తెలీదా? ఇంత పనిమంతురాలివి, ఏడు వారాలు మోసపోయావా?”

“తెలుసు,” అంది కూతురు గడపతో చెబుతున్నట్టు.

“తెలుసా?” ఈసారి అడిగింది అతను.

“చార్జింగు సగంలో ఆగిందన్నారే, ఆ రాత్రి నిండా ఎక్కినట్టు బండిలోనే తేదీతో సహా రాసుంది. మీకసలు అబద్ధమాడ్డం రాదు.”

“మరి మూడేసి గంటలు కింద దూరి ఏం చేశారు?”

“బోల్టులు విప్పి మళ్ళీ బిగించాను. ఇంకేం చేయను? ఉన్నవి పన్నెండే. మూడు గంటలు లాగేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది.”

హెడ్మిస్ట్రెస్‌గారు చెక్కుని నాలుగు ముక్కలు చేశారు. కోపంగానే చేశారు, కానీ ముఖానికి రంగు తిరిగొచ్చింది. “ఒకడు కల్పిస్తే ఒకతి పుస్తకంలో ఎక్కించింది. బాగానే దొరికారు ఒకరికొకరు! మధ్యలో నా ప్రాణం తీశారు.” ముక్కల్ని కవరులో వేసి అన్నారు, “వచ్చే ఆదివారం మీ అమ్మగారిని తీసుకురా. పెద్దవాళ్ళం మాట్లాడుకోవాలి. ఈసారైనా నిజం చెప్పి గేటు లోపలికి రా.”

వారమంతా అతను ఆ నిజాన్ని పాఠంలా వల్లెవేశాడు.

ఆదివారం అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వచ్చాడు. గేటు తీస్తూ, అలవాటు కొద్దీ హెడ్మిస్ట్రెస్‌గారి కూతురు అడిగింది, “ఏమైంది కారుకి?”

“ఏమీ కాలేదు. బాగుంది.”

“మరెందుకొచ్చారు?”

అతను స్టీరింగుని గట్టిగా పట్టుకున్నాడు. వల్లెవేసిన పాఠంలో ఒక్క ముక్కా గుర్తురాలేదు. “మిమ్మల్ని చూడాలని. మొదటి నుంచీ అందుకే వచ్చాను.”

ఆమె గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంత పనిమంతురాలికీ, ఈ ఒక్కదాన్ని ఎలా బాగుచేయాలో తోచలేదు.

“ఒరేయ్,” అంది వెనక సీట్లోంచి అమ్మ, “ఆ అమ్మాయి ఎలాగూ గేటు తీసేసింది. ఇంకా బయటే నిలబెడతావేంరా బండిని?”